ముడుచుకున్న మనసుకు కూర్మనాథుడు

నమ్మి చెడినవాడు లేడని పెద్దలంటారు. దేవుడి విషయంలో ఆ మాటకు తిరుగులేదు. మనుషుల్ని నమ్మి చెడినవాళ్లు మాత్రం మన సిక్కోలు పల్లెల్లో వీధికొకరు కనిపిస్తారు. చీటీలు కట్టించుకున్నవాడు రాత్రికి రాత్రి ఊరు విడిస్తే లబోదిబోమన్న ఆడవాళ్లున్నారు. విదేశంలో పని ఇప్పిస్తానన్న ఏజెంటుకు పొలం తాకట్టు పెట్టి డబ్బు కట్టిన కుర్రాళ్లున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేస్తే కళ్లారా చూసిన ఉద్దానం రైతులున్నారు. ఇలాంటివాళ్లు మళ్లీ ఒక పని మొదలుపెట్టడానికి జంకితే, "దేవుడి మీద భారం వెయ్యి, అంతా ఆయనే చూసుకుంటాడు" అని తొందరపెట్టడం నాకు నచ్చదు. ఆ జంకును భక్తిలో లోపంగా చూడటం అన్యాయం.

శ్రీకాకుళం దగ్గర గార మండలంలో, సముద్రానికి చేరువలో ఉన్న శ్రీకూర్మం వెళ్లినప్పుడల్లా నాకు ఈ సంగతే మనసులో మెదులుతుంది. విష్ణువు కూర్మరూపంలో మూలవిరాట్టుగా పూజలందుకునే గుడి అరుదు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు, ఎదురుగా శ్వేతపుష్కరిణి. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను సంరక్షిస్తారు. అడుగుల చప్పుడు దగ్గరైతే చాలు, తలా కాళ్లూ లోపలికి పోతాయి. దాన్ని బయటికి రప్పించాలని పిల్లలు వేలితో పొడుస్తారు. పొడిచినకొద్దీ అది ఇంకా ముడుచుకుంటుంది. ఇంత ఆకుకూర ముందు పెట్టి కదలకుండా కూర్చుంటే, కాసేపటికి ముందు ముక్కు కనబడుతుంది, తర్వాత మెడ, ఆ తర్వాతే కాళ్లు. దెబ్బతిన్న మనిషికి ధైర్యం చెబుతున్నామనుకుని మనం చాలాసార్లు ఆ పిల్లల్లాగే పొడుస్తాం.

గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడు ఎలా ఉంటాడని అర్జునుడు అడిగితే, కృష్ణుడు 58వ శ్లోకంలో ఈ తాబేలునే చూపిస్తాడు:

యదా సంహరతే చాయం కూర్మోఽఙ్గానీవ సర్వశః ।
ఇంద్రియాణీంద్రియార్థేభ్యస్తస్య ప్రజ్ఞా ప్రతిష్ఠితా ॥

తాబేలు తన అంగాలను అన్ని వైపుల నుంచీ లోపలికి తీసుకున్నట్టు, ఇంద్రియాలను విషయాల నుంచి, అంటే వాటిని లాగే వస్తువుల నుంచి, వెనక్కి తీసుకోగలిగినవాడి ప్రజ్ఞ స్థిరపడినట్టు. ఇక్కడ చెబుతున్నది ఇంద్రియ నిగ్రహం గురించి. భయపడి ముడుచుకోవడాన్ని ఇందులో ఇరికించి, ముడుచుకుపోయిన ప్రతివాడూ స్థితప్రజ్ఞుడే అంటే శ్లోకానికి అపచారం. కానీ వెనక్కి తీసుకోవడం ఒక శక్తి అని భగవంతుడే ఒప్పుకున్నాడు కదా, నాకు ఊరట అక్కడుంది. ఆయన అక్కడితో ఆగలేదు. సరిగ్గా ఆరు శ్లోకాల తర్వాత, రాగద్వేషాలు వదిలి, తన వశంలో ఉన్న ఇంద్రియాలతో విషయాల మధ్యే సంచరించేవాడు ప్రసాదాన్ని, అంటే మనసు తేటబడటాన్ని, పొందుతాడంటాడు. "చరన్" అన్నాడు. లోపలికి వెళ్లిన తాబేలు మళ్లీ నడవాలి. దానికి అడ్డుపడేది రాగం ఒక్కటే అనుకుంటాం. పాత దెబ్బ మిగిల్చిన ద్వేషం కూడా అంతే గట్టిగా అడ్డుపడుతుంది.

మరి ఎలా నడవాలి? దానికి సమాధానం నాకు భాగవతం ఎనిమిదో స్కంధంలో, కూర్మావతార ఘట్టంలోనే దొరికింది. దేవతలు అప్పటికే అసురుల చేతిలో ఓడి, దూర్వాసుడి శాపంతో సిరి పోగొట్టుకుని ఉన్నారు. అలాంటివాళ్లతో విష్ణువు "అసురులు మంచివాళ్లు, నమ్మండి" అనలేదు. పెద్ద పని ఉన్నప్పుడు శత్రువుతోనైనా సంధి చేసుకోవచ్చునంటూ పామూ ఎలుకా పొత్తును ఉదాహరణగా చెప్పాడు. కాలకూటం పుడుతుంది, భయపడవద్దన్నాడు. బయటికొచ్చే వస్తువుల మీద ఆశ పెట్టుకోవద్దు, కోపం తెచ్చుకోవద్దన్నాడు. విషం వస్తుందని ముందే చెప్పి మరీ పనికి పంపాడు! చిన్నప్పటి నుంచీ విన్న కథే అయినా, ఈ మాట నాకు చాలా ఆలస్యంగా చెవికెక్కింది.

తర్వాత జరిగినవన్నీ ఎదురుదెబ్బలే. కవ్వంగా వాడటానికి మందర పర్వతాన్ని మోసుకొస్తుంటే దారిలోనే జారిపడి ఎందరో నలిగిపోయారు. స్వామి గరుడుడి మీద వచ్చి చూపుతోనే వాళ్లను లేపాడు. చిలకడం మొదలుపెడితే కొండ కాస్తా నీళ్లలో మునిగింది. అందరి మొహాలూ వాడిపోయాయంటుంది భాగవతం. వాళ్లు డీలాపడ్డందుకు స్వామి కోప్పడలేదు, ఒక్క మాట అనలేదు. తాబేలై అడుగుకు వెళ్లి కొండను వీపున ఎత్తాడు. అంత కొండ గిర్రున తిరుగుతుంటే ఆయనకు వీపు గోకినట్టు హాయిగా ఉందట. ఆ తర్వాత వచ్చింది హాలాహలం. శివుడు దాన్ని మింగాక మళ్లీ కవ్వం తిప్పారు. చివరికి అమృతం వస్తే అసురులు లాక్కోనే లాక్కున్నారు, అంటే దేవతల అనుమానం నిజమే అయింది. అయినా ఆ అనుమానంతోనే, ఆ అసురులతో కలిసే వాళ్లు సముద్రాన్ని చిలికారు.

ఉద్దానంలో పడిపోయిన చెట్ల మధ్య నిలబడి, కాపుకు ఏళ్లు పట్టే కొబ్బరి మొక్కను మళ్లీ నాటాలా వద్దా అని తటపటాయించిన రైతు పిరికివాడని నేననను. అడుగున మోసేవాడున్నాడని తెలిసినా, కొండ మునగడం చూసిన కళ్లు కదా అవి.

మా వీధిలో ఒక పిన్ని ఉంది. చీటీ డబ్బు పోయాక ఆవిడ ఎవరి చేతికీ రూపాయి ఇచ్చింది లేదు. డ్వాక్రా సంఘంలో చేరమంటే, "ఒకపాలి నమ్మి సెడిపోనాను, మరి నాను కట్టను" అనేది. ఎవరూ బలవంతపెట్టలేదు. కొన్నాళ్లు మీటింగుకు వచ్చి ఊరికే గోడకు ఆనుకుని కూర్చునేది. పక్కావిడ పొదుపు పుస్తకం అడిగి తీసుకుని తిరగేసేది. అప్పు తీసుకున్నవాళ్లు తిరిగి కడుతున్నారో లేదో ఆరా తీసేది. ఆ తర్వాత ఒకరోజు తనే పేరు రాయించుకుంది. ఇప్పటికీ డబ్బు కట్టాక, తన పుస్తకంలో అంకె పడి సంతకం అయ్యేదాకా అక్కడి నుంచి లేవదు. మిగతావాళ్లకు ఆలస్యమవుతోందని కొందరు విసుక్కుంటారు. నేను మాత్రం ఆవిడ పక్షమే. ఆవిణ్ణి కసరకండి, ముందు ఆవిడ పుస్తకం రాసిచ్చెయ్యండి అంటాను.