షేకరూ, స్కూలు బస్సూ

పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో నేను పాప సంగతి ఎత్తలేదు, వాళ్లూ అడగలేదు. అప్లికేషన్‌లో వివాహిత, అవివాహిత అని రెండే గళ్లున్నాయి. విడాకులైన దాన్ని ఏది కొట్టాలో తెలియక అవివాహిత దగ్గర టిక్కు పెట్టి వచ్చేశాను.

అది 2023 ఆగస్టు. నాకు 31, పాప యూకేజీ. సీఎస్ఐఆర్ వాళ్లు పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్‌కి అప్పట్లో మామూలుగా 28 దాటకూడదు, ఆడవాళ్లకి ఐదేళ్ల సడలింపు ఉండబట్టి గట్టెక్కాను. నెలకి 37,000 అంటే తక్కువేం కాదు, చేతికొస్తే. మొదటి డబ్బు పడేసరికి సంక్రాంతి దాటింది. ఈలోగా గాజులు గోల్డ్‌లోన్‌కి వెళ్లాయి.

హాస్టల్లో పిల్లల్ని ఉంచనివ్వరు. పెళ్లైన స్కాలర్ల క్వార్టర్స్‌కి మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి, నా దగ్గరున్నది కోర్టు డిక్రీ. "దీనికి మా దగ్గర రూలు లేదమ్మా" అన్నారు సెక్షన్‌లో. గేటు బయట మూడో అంతస్తులో గది తీసుకున్నాం. తెనాలి నుంచి అమ్మ వచ్చి నెల రోజులుంది గానీ, ఆ మెట్లకి ఆవిడ మోకాళ్లు ఒప్పుకోలేదు.

నా పని ఈ-కోలై బ్యాక్టీరియా చేత ఒక ప్రోటీన్ తయారు చేయించడం. కల్చర్‌ని, అంటే బ్యాక్టీరియా పెరిగే ద్రవాన్ని, 37 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉండే షేకర్‌లో పెట్టి, ఓడీ (అది ఎంత చిక్కబడిందో చెప్పే అంకె) 0.6కి రాగానే ఐపీటీజీ వెయ్యాలి. ప్రోటీన్ తయారీ మొదలుపెట్టించే రసాయనం అది. ఓడీ 0.6కి రావడానికి రెండున్నర గంటలు పట్టేది. మా ల్యాబ్‌లో అందరూ పదకొండింటికి వచ్చి, టీ తాగి, భోజనాల వేళకి కల్చర్ మొదలుపెట్టేవాళ్లు. నేనూ అంతే. మూడుంబావుకి స్కూలు బస్సు, సరిగ్గా అప్పుడే ఓడీ 0.5! పరుగున వెళ్లి పాపని పక్కింట్లో దింపి వచ్చేసరికి 1.2 దాటేసేది. ఆరు నెలలు ఇదే తంతు. ప్రోటీన్ ఎందుకు రావట్లేదని మా గైడ్ సార్ అడిగితే రెండుసార్లు నెపం షేకర్ మీదికి నెట్టాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరిలో నోట్‌బుక్ తెరిచి, ఓడీ అంకెల పక్కన బస్సు టైములు కూడా రాసి ఆయన ముందు పెట్టాను. కాసేపు చూసి "ఈ మాట ఆగస్టులోనే చెప్పాల్సిందమ్మా" అన్నారు. తర్వాత, "ఐపీటీజీ వేశాక 18 డిగ్రీలకి దించి చూడు, రాత్రంతా దాని పని అది చేసుకుంటుంది."

అంతే. పాపని బస్సెక్కించి ఎనిమిదింటికల్లా మొదలుపెడితే పదిన్నరకి ఐపీటీజీ వేసెయ్యొచ్చు. మర్నాడు పొద్దుట సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి బ్యాక్టీరియాని వేరు చేసేదాకా దాని జోలికి పోనక్కర్లేదు. పైగా అంతకుముందు ముద్దకట్టి పనికిరాకుండా పోయే ప్రోటీన్ ఆ చల్లదనంలో కరిగే ఉంది. అంటే ఆరు నెలలుగా నాకూ ఆ ప్రోటీన్‌కీ కావలసింది ఒకటేనన్నమాట! శనివారం సాయంత్రం గ్రూప్ మీటింగ్ మాత్రం మారలేదు. పాప వెనక కుర్చీలో కూర్చుని రంగులేసుకుంటుంది.

రెండో ఏడు పాపకి ఆటలమ్మ పోసింది. సెలవడిగితే, అది కాన్పుకి మాత్రమేనన్నారు. 2022 నవంబర్ నాటి యూజీసీ నిబంధనలు ప్రింటు తీసుకెళ్లాను. ఆడ స్కాలర్లకి కాన్పుకో, పిల్లల సంరక్షణకో పీహెచ్‌డీ మొత్తమ్మీద 240 రోజులదాకా సెలవు ఇవ్వవచ్చని అందులో ఉంది. వాళ్లు "ఇవ్వవచ్చు" అన్న మాట పట్టుకున్నారు, నేను "సంరక్షణ" అన్న మాట వదల్లేదు. పన్నెండు రోజులు మంజూరయ్యాయి. నాలాంటి వాళ్లెవరైనా ఉంటే ఆ పేజీ ముందే ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, జ్వరం వచ్చిన రోజు ప్రింటు షాపు చుట్టూ తిరగలేరు.

జేఆర్ఎఫ్ తర్వాత వచ్చే సీనియర్ ఫెలోషిప్, ఎస్ఆర్ఎఫ్ 42,000 మొదలయ్యాక గాజులు విడిపించాను. సెలవుల్లో ఇప్పటికి 31 వాడాను. ఏప్రిల్ చివర బడి మూసేస్తారు, నెలన్నర దాకా బస్సు రాదు. మిగతా 209లోంచి ఎన్ని అడగాలో ఈ వారం సార్‌తో మాట్లాడాలి.