షంటింగ్ ఇంజనుకు గొంతు వచ్చింది

జనవరి, మొదటి ఆదివారం

అటక మీద మూడేళ్లుగా పడి ఉన్న పెట్టెను దించాను. అందులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న అమెరికన్ ఆల్కో ఇంజను మోడల్ ఒకటి ఉంది. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు బండిలో 87వ వంతు. పై తొడుగు ఎప్పుడో విరిగిపోయింది. కింది చాసిస్ మాత్రం రాయిలా ఉంది: నడుమ మోటారు, రెండు చివర్లా మూడేసి ఇరుసుల బోగీలు (బోగీ అంటే ఇక్కడ రైలు పెట్టె కాదు, చక్రాల చట్రం). దీని మీద మన డబ్ల్యూడీఎస్-6 కట్టాలని నిర్ణయించుకున్నాను. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎస్ అంటే షంటింగ్. 1970లలో వచ్చిన ఈ ఇంజన్లు రైల్వే యార్డుల్లోనే కాక రేవుల్లోనూ కర్మాగారాల్లోనూ వ్యాగన్లు తోస్తూ బతికాయి. ఫోటోలు తీసేవాళ్లు ఎక్స్‌ప్రెస్ బండ్ల వెంట పడతారు కాబట్టి వీటి బొమ్మలు వెతికితేగాని దొరకవు.

నాన్న కాజీపేట యార్డులో షంటింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మాతోనే హైదరాబాద్‌లో ఉంటున్నారు. ఆయన మెప్పు కోసం మొదలుపెట్టిన పని కాదు ఇది. కానీ తప్పు పట్టగల మనిషి ఇంట్లోనే ఉండటం ఎంత మేలో తర్వాత తెలిసింది.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 వస్తుంది. కానీ హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మాత్రమే, అది యూరప్, అమెరికా వాళ్ల 1,435కు సరిపోయే కొలత. కాబట్టి నా ఇంజను ముందు నుంచి చూస్తే కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. పట్టాలు కూడా సొంతంగా 19.3 వెడల్పున వేసుకునే పట్టుదల ఉన్నవాళ్లున్నారు. నాకు ఆ ఓపిక లేదు. పక్క నుంచి చూడండి, బాగుంటుంది.

జనవరి చివర

చాసిస్ శుభ్రం చేయడానికే రెండు ఆదివారాలు పట్టింది. గేర్లలోని పాత గ్రీజు మైనంలా గడ్డకట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పాత పళ్ల బ్రష్షు ముంచి తోమాను. మళ్లీ వేసేటప్పుడు గేరుకు ఆవగింజంత గ్రీజు చాలు. ఎక్కువైతే అది చక్రాల మీదికి జారి, అక్కడి నుంచి పట్టాలకు అంటి, కరెంటు అందకుండా చేస్తుంది.

12 వోల్టుల దగ్గర మోటారు ఖాళీగా తిరిగితే 0.18 ఆంపియర్లు తీసుకుంది. ఫ్లైవీలును వేళ్లతో పట్టి ఆపితే 0.9. ఈ రెండో అంకె చూడకుండా డీకోడర్ (ఇంజను లోపల ఉండి మోటారునూ శబ్దాన్నీ నడిపే చిన్న బోర్డు) కొనకూడదు. నేను తీసుకోబోయే ఈఎస్‌యూ లోక్‌సౌండ్ 5 మోటారుకు 1.5 ఆంపియర్ల వరకు ఇవ్వగలదు. అదే కంపెనీ మైక్రో రకం 0.75 దగ్గరే ఆగిపోతుంది, అది ఇక్కడ పనికిరాదు.

ఫిబ్రవరి, మార్చి

తొడుగు పని. పొడవాటి హుడ్, అంటే ఇంజను మీది మూత, దాని వెనుక డ్రైవరు ఉండే క్యాబ్. హుడ్ గోడలకు ఒక మిల్లీమీటరు మందం స్టైరీన్ ప్లాస్టిక్ షీటు, పైన అతికించిన తలుపులకు 0.25 షీటు. తలుపులు ఒక్కొక్కటిగా కోసి అతికించడం కంటే షీటు మీద గీతలు గీయడం సులభమని మొదట అలాగే చేశాను. రంగు వేశాక గీత గీతలానే ఉంటుంది, తలుపులా ఉండదు. ఆ గోడ తీసి పారేసి మళ్లీ కోశాను. మొత్తం 34 తలుపులు. లూవర్లు, అంటే గాలి ఆడే సన్నటి చీలికలు, మాత్రం చేతితో కుదిరే పని కాదు. కంప్యూటర్‌లో గీసి రెజిన్‌లో ప్రింట్ చేయించాను.

రెయిలింగులకు సన్నటి ఇత్తడి తీగ కావాలి. మోడలింగ్ దుకాణాల తీగ విదేశాల నుంచి తెప్పించుకుంటే దిగుమతి సుంకంతో కలిసి వీణ ధర అవుతుంది. ఆ మాట అనుకున్నాకే బుద్ధి వెలిగింది. వీణ మంద్రానికి కట్టే ఇత్తడి తీగ! సంగీత వాద్యాల దుకాణంలో అడిగితే చుట్ట ఇచ్చారు. కొలిస్తే 0.4 మిల్లీమీటర్లు, అసలు కొలతలో 35, రెయిలింగుకు సరిగ్గా సరిపోయింది. సారణికి కట్టే ఉక్కు తీగ తీసుకోకండి. దానికి టంకం సరిగా అంటదు, వంచితే వెనక్కి తన్నుకుంటుంది. దుకాణం ఆయన ఏ వీణకు అని అడిగితే ఇంజనుకు అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

బోగీల పక్క చట్రాలు చాసిస్‌తో వచ్చినవే ఉంచాను. ఆల్కో ట్రైమౌంట్ బోగీలో నడిమి ఇరుసు నడిమిన ఉండదు. ట్రాక్షన్ మోటార్లకు చోటు కోసం ఒక పక్కకు జరిగి ఉంటుంది. తెలియక మూడు చక్రాలనూ సమదూరంలో గీసేవాళ్లుంటారు. నాన్న అద్దాలు సరిచేసుకుని మొదట చూసింది అదే.

ఏప్రిల్

ఇక అసలు పని, శబ్దం.

డీసీసీ అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. పాత పద్ధతిలో పట్టాలకు ఇచ్చే వోల్టేజీ పెంచితే బండి వేగం పెరిగేది. డీసీసీలో పట్టాల మీద ఎప్పుడూ నిండు వోల్టేజీ ఉంటుంది. దానితోపాటే ఆదేశాలు అంకెల రూపంలో వెళతాయి. ఇంజనులోని డీకోడర్ తన నంబరు మీద వచ్చిన ఆదేశం మాత్రమే వింటుంది. కంట్రోలర్లు ఖరీదే, కానీ ఆర్డువినో మెగా, దానిమీద మోటార్ షీల్డు ఒకటి పెట్టి, డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పని జరుగుతుంది. ఆ రెండు బోర్డులూ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాను. వైఫై కలిపితే బండి నడపడానికి ఫోను చాలు.

డీకోడర్ పెట్టేముందు మోటారును చాసిస్ నుంచి పూర్తిగా వేరుచేయాలి. పాత మోడళ్లలో మోటారు కింది బ్రష్షు నేరుగా లోహపు చట్రానికి తగులుతుంది, కరెంటు అలాగే వెళుతుంది. డీసీసీలో అలా తగిలితే డీకోడర్ కాలిపోతుంది. కింద కరెంటు పారనివ్వని కాప్టన్ టేపు వేసి, ఇత్తడి స్క్రూల బదులు నైలాన్ స్క్రూలు బిగించి, మల్టీమీటరుతో పట్టాకూ మోటారుకూ మధ్య చూశాను. మీటరు కూయలేదు, అంటే రెండూ తగలడం లేదు, మంచిదే. తర్వాత ఎర్ర తీగ కుడి పట్టాకు, నల్లది ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగువి మోటారుకు. నీలం దీపాలన్నిటికీ ఉమ్మడి ప్లస్, తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి. దీపాలకు వెచ్చటి తెలుపు ఎల్‌ఈడీలు, ఒక్కొక్కదానికి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు. చాలామంది ఒక కిలో ఓమ్ పెడతారు. అప్పుడు షంటింగ్ ఇంజను సినిమా షూటింగ్ లైటులా వెలుగుతుంది.

అంతా సరిచూసుకున్నాననే ధీమాతో బండికి బరువునిచ్చే లోహపు దిమ్మ పెట్టి స్క్రూ బిగించాను. ఆ బిగింపులో నారింజ తీగ దిమ్మ అంచు కింద నలిగి తొక్క చీలింది. నేను చూడలేదు. నేరుగా మెయిన్ పట్టాల మీద పెట్టి ఉంటే ఈ చిట్టా ఇక్కడితో ముగిసేది. అలవాటు కొద్దీ ముందు ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ అమరికలు మార్చే వేరు పట్టా) మీద పెట్టాను. అక్కడ కరెంటు 250 మిల్లీఆంపియర్లు దాటితే కంట్రోలర్ ఆపేస్తుంది. ఆపేసింది. దిమ్మ విప్పి, తీగ మార్చి, దిమ్మ అంచులను ఆకురాయితో గుండ్రంగా చేశాను. మల్టీమీటరు పరీక్ష చివరి స్క్రూ బిగించాక కూడా ఒకసారి చేయాలి. ముందు చేసిన పరీక్ష ఆ క్షణానికి మాత్రమే.

స్పీకరు చోటు కోసం దిమ్మలో రేడియేటర్ వైపు 22 మిల్లీమీటర్లు రంపంతో కోసేశాను. పోయిన బరువుకు బదులు కార్ల చక్రాల బ్యాలెన్సింగ్‌కు అతికించే బిళ్లలు పనికొచ్చాయి. టైర్ల షాపులో అడిగితే తీసేసినవి ఉచితంగానే ఇచ్చారు. పూర్తయ్యాక ఇంజను బరువు 340 గ్రాములు. స్పీకరు 11×15 మిల్లీమీటర్లది, వెనుక చిన్న డబ్బా ఉంటుంది. ఆ డబ్బాకూ స్పీకరుకూ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా శబ్దం రేకు డబ్బాలో రాళ్లు వేసినట్టొస్తుంది. చుట్టూ ఎంసీల్ పూసి ఒక రాత్రి ఆరనిచ్చాను. అదే స్పీకరు, అదే ఫైలు, కానీ తేడా మా ఆవిడకు కూడా వినిపించింది. ఈ మొత్తం పనిలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చింది ఈ ముద్దే.

మే

ఏ శబ్దం? డబ్ల్యూడీఎం-2 (మెయిన్ లైను మీద తిరిగే పెద్ద డీజిల్ ఇంజను) ఫైలు పెట్టుకో, అదీ ఆల్కో 251 ఇంజనే కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. కుటుంబం ఒకటే, గొంతు వేరు. డబ్ల్యూడీఎం-2లో ఉన్నది వీ ఆకారంలో 16 సిలిండర్లు. మన షంటరులో ఒకే వరుసలో ఆరు. మీటర్‌గేజ్ వైడీఎం-4లోనూ ఆరు సిలిండర్ల ఆల్కోయే, ఆ బండ్లు గుర్తున్నవాళ్లకు ఈ గొంతు తెలుసు. లెక్క వేద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 400 చుట్లనుకుంటే ఆరు సిలిండర్లకు సెకనుకు 20 దెబ్బలు. పదహారుకు 53. మొదటిది డప్పు, రెండోది ఘోష.

పదహారు సిలిండర్ల రికార్డింగును నెమ్మది చేసి చూశాను కూడా. దెబ్బలు తగ్గాయి గానీ టర్బో ఈల కూడా కిందికి దిగి, నిద్రమత్తులో ఉన్నవాడి మూలుగులా తయారైంది. చివరికి అమెరికా యార్డు ఇంజన్ల కోసం చేసిన ఆరు సిలిండర్ల ఆల్కో ఫైలు తీసుకుని, హారన్ మాత్రం మార్చాను. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర, రోడ్డు మీద నిలబడి ఫోనులో పట్టిన హారన్ అది. ఫోను తనంతట తానే శబ్దాన్ని తగ్గించే ఏర్పాటును ముందే ఆపేయాలి. లేకపోతే హారన్ మొదటి అరసెకను పిడుగులా, మిగతాది గొణుగుడులా వస్తుంది. నా మొదటి మూడు ప్రయత్నాలూ అలాగే పోయాయి.

ఇంత చిన్న స్పీకరు 20 హెర్ట్జ్ పలకలేదు కదా అనే ప్రశ్న వస్తుంది. పలకలేదు. అయినా ఒక్కో దెబ్బలో ఉండే టపటప చాలా పై స్థాయిలో ఉంటుంది. అది సెకనుకు ఇరవైసార్లు పడితే మిగతాది చెవి పూరించుకుంటుంది. పలకలేని భాగాన్ని పంపి స్పీకరును గిలగిల కొట్టించడం ఎందుకని 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేశాను. అప్పుడు నిజానికి బరువు పెరిగినట్టు వినిపించింది.

ఈ ఫైలు ఎక్కించడానికి కంపెనీ ప్రోగ్రామరు వేరుగా కావాలి. బెంగళూరులోని మిత్రుడి దగ్గర ఒక వారానికి అరువు తెచ్చాను. మిగతా సీవీలు, అంటే డీకోడర్ అమరికలు, జేఎంఆర్‌ఐ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు.

డబ్ల్యూడీఎస్-6ల నంబర్లు 36 వేల వరుసలో ఉంటాయి. డీసీసీలో అంత పెద్ద చిరునామా పట్టదు. నేను చివరి నాలుగంకెలు 6052 తీసుకున్నాను. సీవీ17లో 215, సీవీ18లో 164, సీవీ29లో 34. సాఫ్ట్‌వేర్ తానే లెక్కిస్తుంది కానీ చేతితో ఒకసారి చేస్తే బోధపడుతుంది: 6052ను 256తో భాగిస్తే 23, శేషం 164. ఆ 23కు 192 కలపాలి. శబ్ద స్థాయి సీవీ63లో 192 వరకు వెళుతుంది. నేను 75 దగ్గర ఆపాను. మోటారును డీకోడర్ తానే కొలుచుకోవడానికి సీవీ54లో 0 వేసి ఎఫ్1 మీట నొక్కాలి. నొక్కగానే ఇంజను ఒక్క దూకుడు దూకుతుంది. ముందు మీటరు పట్టా ఖాళీగా ఉంచండి, బల్ల అంచు వైపు పెట్టకండి.

జూన్, రెండో శనివారం

నాన్నను పిలిచి ఫోను చేతికిచ్చాను. ఆయన మీట జరిపారు. ఇంజను వెంటనే కదిలింది, శబ్దం దాని వెనుక పెరిగింది.

"ఇది ఆటో రిక్షారా" అన్నారు. "ఆల్కో అలా కదలదు. నాచ్ వేస్తే ముందు దమ్ము పట్టాలి. పొగ రావాలి. కప్లర్లు సాగాలి. అప్పుడు కదలాలి."

"ఎంతసేపు పడుతుంది నాన్నా?"

"వాచీ పెట్టుకుని చూడలేదు. పాయింట్స్‌మన్ జెండా ఊపి పక్కకు తప్పుకునేంతసేపు."

దాన్ని నేను రెండున్నర సెకన్లని అనువదించుకున్నాను. ఇంజను శబ్దం మొదటి నాచ్‌కు, అంటే థ్రాటిల్ మొదటి మెట్టుకు, ఎక్కేదాకా మోటారును ఆపి ఉంచే ఏర్పాటు సౌండ్ ఫైలులోనే ఉంది, దాన్ని సరిచేశాను. పైగా వేగం పెరిగే సమయానికి సీవీ3లో 20 ఉన్నదాన్ని 90 చేశాను. డ్రైవ్ హోల్డ్ అనే మీటను కూడా పైకి తెచ్చాను. అది నొక్కి ఉంచితే వేగం మారకుండా ఇంజను శబ్దం మాత్రం నాచ్‌లు ఎక్కుతుంది, నిండు వ్యాగన్లను తోస్తున్నప్పటిలాగా.

గరిష్ఠ వేగం గురించి కూడా ఆయనదే తీర్పు. యార్డులో షంటింగ్‌కు గంటకు 15 కిలోమీటర్లు మించకూడదు. 87తో భాగిస్తే సెకనుకు 4.8 సెంటీమీటర్లు, అంటే ఒక మీటరు దాటడానికి 21 సెకన్లు. పట్టా పక్కన మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టి, వాచీతో చూస్తూ సీవీ5 తగ్గించుకుంటూ వచ్చాను. అంత నెమ్మదిలో పట్టాలు చీలే పాయింట్ల దగ్గర కరెంటు ఒక్క క్షణం తెగినా ఇంజను ఆగి, శబ్దం మళ్లీ స్టార్టింగ్ నుంచి మొదలయ్యేది. కాసేపటికి సరిపడా కరెంటు దాచుకునే కెపాసిటర్ ప్యాక్ ఒకటి పెట్టాక ఆ బాధ పోయింది. షంటరుకు అది విలాసం కాదు, రెండో గుండె.

జూలై

రంగు వేయడానికి ముహూర్తం తప్పు. వానాకాలం గాలిలో తేమకు స్ప్రే మీద తెల్లటి పొర పట్టింది. పలచగా మళ్లీ వేసి, డెబ్భై వాట్ల బల్బు కింద అట్టపెట్టెలో ఆరబెడితే సర్దుకుంది. నీలం మీద క్రీం పట్టీ, రెండు చివర్లా పసుపు, నలుపు చారలు. చారలు ఒక వైపు కొంచెం వంకర. ఆ వైపు గోడకు పెట్టాను.

మిగిలినవి: క్యాబ్ మెట్లు, అద్దాల వైపర్లు, ఒక బఫరు. వ్యాగన్ల వైపు కప్లర్ ఎత్తు కూడా అర మిల్లీమీటరు దించాలి.

నిన్న రాత్రి భోజనాలయ్యాక హాల్లోంచి హారన్ వినిపించింది. వెళ్లి చూస్తే నాన్న ఒక్కరే కూర్చుని రెండు వ్యాగన్లను డెడ్‌ఎండ్‌లోకి తోస్తున్నారు. బండి మరీ నెమ్మదిగా పోతోంది, గుర్తుల మధ్య దూరానికి దాదాపు 40 సెకన్లు. కరెంటు సమస్యో, సీవీ చెడిందో అని దగ్గరికి వెళ్లాను.

"ఏమైంది నాన్నా, ఇంత మెల్లగా?"

"వెనుక దానిలో మందుగుండు ఉంది" అన్నారు, తల ఎత్తకుండానే. "దానికి ఎనిమిదే."