తేనెకుండ చీమల రాణి పెంపకం

అరిజోనా ఎడారిలో జూలై వానలు కురిసిన సాయంత్రాలలో మిర్మెకోసిస్టస్ మెక్సికానస్ అనే తేనెకుండ చీమల జాతి రాణులు జతకట్టి, రెక్కలు రాల్చుకొని, తడిసిన నేలను తవ్వుకొంటూ లోపలికి దిగిపోతాయి. నేను పెంచుతున్నది అటువంటి ఒక రాణినే. అడుగున నీరు, దానికి అడ్డుగా దూది ఉన్న గాజు గొట్టంలో, చీకటిలో ఉంచాను. తొలి శ్రామిక చీమలు వచ్చేవరకు దానికి ఆహారమే అక్కరలేదు. ఇక పనిలేని రెక్కల కండరాలను, ఒంటిలోని కొవ్వును కరిగించుకొని పిల్లలను సాకుతుంది. ఈ దశలో మాటిమాటికీ వెలుతురు వేసి చూడడం కంటే హాని మరొకటి లేదని నా గట్టి అభిప్రాయం.

తరువాత చక్కెర నీరు, చిన్న పురుగులు అందించాలి. కొన్ని చీమలు పొట్ట ద్రాక్షపండులా ఉబ్బేదాకా తీపిని నింపుకొని గూటి పైకప్పుకు వేలాడుతూ, కరువుకాలంలో తోటి చీమలకు నోటితో అందిస్తాయి. అందుచేత ఆ పైకప్పు గరుకుగా ఉండాలి.