వైటల్ సైన్స్: నంబర్లు అందరికీ వచ్చు, మార్కులు పోయేది ఎక్కడంటే

నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకు చదివేవాళ్లలో వైటల్ సైన్స్, అంటే పల్స్, శ్వాస, బీపీ, టెంపరేచర్ లాంటి ప్రాణ సూచికల చాప్టర్‌ని సీరియస్‌గా తీసుకునేవాళ్లు తక్కువ. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) ఫస్టియర్‌లోనే అయిపోయింది కదా అనుకుంటాం. పల్స్ 60 నుంచి 100, రెస్పిరేషన్ 12 నుంచి 20, బీపీ 120/80. నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కానీ నార్సెట్ (నర్సింగ్ ఆఫీసర్ల కోసం ఎయిమ్స్ పెట్టే పరీక్ష) లాంటి పరీక్షలో కష్టపెట్టే ప్రశ్న ఈ నంబర్ల గురించి ఉండదు. నలుగురు పేషెంట్ల రీడింగులు ఇచ్చి, ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు అంటారు. నలుగురి దగ్గరికీ వెళ్లాలనే అనిపిస్తుంది. తప్పు పెడితే మూడో వంతు మార్కు కోత.

నేను కర్నూలులో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూనే చదివాను. ప్రిలిమ్స్ దాటి ఇప్పుడు మెయిన్స్‌కి చదువుతున్నాను. హైదరాబాద్ వెళ్లి కోచింగ్ తీసుకునే వీలు ఇంట్లో లేదు. నైట్ డ్యూటీ దిగి పడుకుని లేచాక సాయంత్రం పూట చదివేదాన్ని. ఈ చాప్టర్‌లో నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే. ఏ రీడింగునూ విడిగా చదవలేదు. పల్స్ పక్కన బీపీ, టెంపరేచర్ పక్కన పల్స్, వీటన్నిటి పక్కన ఆ మనిషికున్న జబ్బు పెట్టి చూసేదాన్ని.

ఉదాహరణకు డెంగీ. వానలు మొదలయ్యాక పిల్లల వార్డులో ఈ కేసులు చూసే ఉంటారు. చార్టులో బీపీ 100/80 అని ఉంటే బాగానే ఉందనిపిస్తుంది. పల్స్ ప్రెషర్, అంటే పై అంకెలోంచి కింది అంకె తీసేసి లెక్కేయండి, 20 వస్తుంది. డెంగీ పిల్లల్లో అది 20 లేదా అంతకంటే తక్కువకి దిగిందంటే షాక్ (ఒంటికి చాలినంత రక్తం అందని స్థితి) కిందే లెక్క. సిస్టోలిక్ (బీపీలో పై అంకె) పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. తల గాయంలో దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. సిస్టోలిక్ పెరిగి పల్స్ ప్రెషర్ వెడల్పవుతుంది, పల్స్ తగ్గుతుంది, శ్వాస గతి తప్పుతుంది. కుషింగ్స్ ట్రయాడ్ అని మనం బట్టీ పట్టేది ఇదే. మనకు 44వ నంబర్ హైవే ఊరి పక్కనే కాబట్టి యాక్సిడెంట్ కేసులు కొత్త కాదు. అలాంటి కేసులో లోపల రక్తం పోతుంటే పల్స్ పెరిగి బీపీ తగ్గుతుంది. మెదడులో ఒత్తిడి పెరుగుతుంటే బీపీ పెరిగి పల్స్ తగ్గుతుంది. ఈ రెండూ ఒకే పేజీలో ఎదురెదురుగా రాసుకోండి. నా నోట్స్‌లో ఎక్కువసార్లు తిరగేసిన పేజీ అదే.

మే నెలలో మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. హీట్ స్ట్రోక్ ప్రశ్న వస్తే ఆప్షన్లలో పారాసిటమాల్ తప్పకుండా ఉంటుందనుకోండి. అది వల. జ్వరంలో హైపోథలామస్ (మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగం) తన సెట్ పాయింట్‌నే, అంటే ఒంటి వేడి ఎంతుండాలనే లెక్కనే, పైకి జరుపుతుంది, పారాసిటమాల్ దాన్ని కిందికి తెస్తుంది. వడదెబ్బలో సెట్ పాయింట్ మారదు, ఒళ్లు వేడిని బయటికి పంపలేకపోతుంది. కాబట్టి ఒంటిని చల్లబరచడమే ముందు చేయాల్సింది. కోర్ టెంపరేచర్ (ఒంటి లోపలి వేడి) 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా స్పృహ తప్పినా ఎమర్జెన్సీయే. ఇక్కడ చంకలో పెట్టిన థర్మామీటర్‌ని నమ్మకూడదు, రెక్టల్, అంటే మలద్వారంలో పెట్టి చూడాలి. టైఫాయిడ్‌లో ఇంకో తమాషా. జ్వరం పెరిగితే పల్స్ కూడా పెరగాలి, ఇందులో జ్వరానికి తగ్గట్టు పెరగదు. రిలేటివ్ బ్రాడీకార్డియా అని ఆప్షన్‌లో కనిపిస్తే వదలొద్దు.

పత్తి పండే జిల్లా కాబట్టి పురుగుమందు తాగిన కేసు మనలో చాలామంది చూసే ఉంటారు. ఆర్గానోఫాస్ఫరస్ రకం మందు అయితే, విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ ఎక్కడ ఆపాలో వైటల్సే చెప్తాయి. పల్స్ 80 దాటాలి, సిస్టోలిక్ 80 దాటాలి, ఊపిరితిత్తుల్లో గురగుర పోవాలి, చంకలు పొడిబారాలి, కనుపాపలు సూదిమొనలా ఉండకూడదు. అట్రోపిన్ మీదున్న మనిషికి పల్స్ 110 అని ఇచ్చి, వెంటనే ఆపాలా అని అడిగితే, ఒక్క ఆ నంబర్ చూసి ఆపమని టిక్ పెట్టకండి. దాంతోపాటు జ్వరం, పిచ్చి మాటలు, పేగుల శబ్దం లేకపోవడం కూడా ఇచ్చారంటే అప్పుడు అది అట్రోపిన్ ఎక్కువైన లెక్క.

ఇక రెస్పిరేషన్. అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వండి అంటాను. పేషెంట్ వెంట వచ్చినవాళ్లు కూడా "సిస్టర్, బీపీ ఎంతుందమ్మా" అంటారే గానీ, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నాడని ఎవరూ అడగరు. మనం కూడా అంతే, ఏ టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్) చార్ట్ తీసినా పై నుంచి కింది దాకా 20, 20, 20. రోగి పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు ముందు మారేది మాత్రం ఇదే. క్యూసోఫా (ఇన్ఫెక్షన్ ఉన్న రోగి ప్రమాదంలో ఉన్నాడేమో త్వరగా చూసే స్కోరు)లో మొదటి అంశం శ్వాస 22 లేదా ఎక్కువ. మిగతావి సిస్టోలిక్ 100 లేదా తక్కువ, తెలివిలో తేడా. లెక్కపెట్టే తీరు మీదా ప్రశ్నలుంటాయి. ఊపిరి లెక్కపెడుతున్నామని పేషెంట్‌కి తెలిస్తే తెలియకుండానే మార్చేస్తాడు. అందుకే పల్స్ అయిపోయినా మణికట్టు వదలకుండా ఛాతీ కదలిక చూడాలి, గతి తప్పినట్టుంటే నిమిషం పూర్తిగా. షుగర్ పేషెంట్ లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంటే అది కుస్మాల్ శ్వాస, కీటో అసిడోసిస్ (షుగర్ అదుపు తప్పి రక్తంలో ఆమ్లం పెరగడం) గుర్తుకు రావాలి.

మందులతో ముడిపడ్డ ప్రశ్నలు ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయి. మెగ్నీషియం సల్ఫేట్ (బీపీ పెరిగిన గర్భిణులకు ఫిట్స్ రాకుండా ఇచ్చేది) తర్వాతి డోసుకి ముందు మూడు చూడాలి: శ్వాస కనీసం 16, మోకాలి రిఫ్లెక్స్ ఉండటం, యూరిన్ గంటకు కనీసం 30 ఎంఎల్. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్. మార్ఫిన్‌కైతే శ్వాస 12 కంటే తగ్గితే ఆపి డాక్టర్‌కి చెప్పాలి. గుండె మందు డిగాక్సిన్‌కి శ్వాస కాదు, ఏపికల్ పల్స్ (ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి వినేది) నిమిషం పాటు చూడాలి, పెద్దవాళ్లలో 60 లోపుంటే ఇవ్వకూడదు. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) పేషెంట్‌కి శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 ఉందని కంగారుపడి ఆక్సిజన్ పెంచే ఆప్షన్ పెట్టొద్దు, అతనికి లక్ష్యమే 88 నుంచి 92.

బీపీ కొలిచే పద్ధతి మీద ఎక్కువ చెప్పను, అన్ని పుస్తకాల్లోనూ ఉంది. కఫ్ చిన్నదైతే రీడింగ్ ఎక్కువగా, పెద్దదైతే తక్కువగా వస్తుంది. చెయ్యి గుండె కంటే పైనుంటే తక్కువ, కిందుంటే ఎక్కువ. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమని, సిర కలిపిన చోటు) ఉన్న చేతికి కఫ్ కట్టకూడదు. లేచి నిలబడ్డ 3 నిమిషాల్లోపు సిస్టోలిక్ 20 గానీ డయాస్టోలిక్ (కింది అంకె) 10 గానీ పడితే ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్.

చివరిగా చిన్న విషయం, కానీ పరీక్ష హాల్లో టైమ్ తినేది. వార్డులో మనం ఫారెన్‌హీట్‌లో రాస్తాం, పేపర్లో చాలావరకు సెల్సియస్‌లో వస్తుంది. ప్రతిసారీ 32 తీసేసి 5తో గుణించి 9తో భాగించే బదులు నాలుగు జతలు గుర్తుంచుకోండి: 95కి 35, 98.6కి 37, 102కి 38.9, 104కి 40. మధ్యలో ఏది వచ్చినా ఏ రెండింటి మధ్య పడుతుందో చూస్తే ఆప్షన్లలో సగం తీసేయొచ్చు.