అరకిలో దొండకాయలు, మూడు పరికరాలు

విజయవాడ బీసెంట్ రోడ్డులో సాయంత్రం పూట నడిచేవారికి ఆ దృశ్యం కొత్త కాదు. ఒక చిన్న బల్ల, దాని మీద రంగురంగుల ప్లాస్టిక్ పరికరం, పక్కన గుట్టగా పోసిన క్యారెట్ చక్రాలు, చేయీ నోరూ ఒక్క క్షణం ఆగకుండా కోస్తూ మాట్లాడుతూ ఉండే మనిషి. "చూడండమ్మా, కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది" అని ఆయన అంటూండగా నేను వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఆగాను, మూడుసార్లూ కొన్నాను. మొదటిది తాడు పట్టుకొని లాగితే డబ్బాలోని రెక్కలు గిర్రున తిరిగే చాపర్. రెండవది గళ్ల బ్లేడు మీద కూరగాయ పెట్టి పైమూతను గట్టిగా నొక్కేది. మూడవది పలక మీద పెట్టి రుద్దితే పలుచని ముక్కలు కిందికి జారే స్లైసర్.

నా కొనుగోళ్లకు ఒక కారణం ఉంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పుల వల్ల కింద కూర్చొని కత్తిపీట మీద తరగడం రెండేళ్లుగా సాధ్యం కావడం లేదు. కత్తిపీటలో బ్లేడు కదలకుండా నిలిచి ఉంటుంది కనుక రెండు చేతులూ కూరగాయను పట్టుకోవచ్చు; ఆ వాటానికి అలవాటుపడిన చేతికి బల్ల మీద చాకు ఒక పట్టాన లొంగదు. ఏదైనా పరికరం ఆమెకు ఆ పనిని తిరిగి అప్పగిస్తుందేమోనని నా ఆశ.

ఒక ఆదివారం గోడ గడియారం చూసుకుంటూ, ఒక్కొక్క దానికి అరకిలో చొప్పున దొండకాయలు కేటాయించి పరీక్షించాను. కత్తిపీట మీద నాకు పద్నాలుగు నిమిషాలు పట్టింది. స్లైసర్ మీద ఎనిమిది నిమిషాలే పట్టింది; అయితే వేళ్లకు రక్షణగా ఇచ్చిన పిడి బంగాళాదుంప అంత లావున్న వాటినే పట్టుకుంటుంది, దొండకాయ దానిలోంచి జారిపోతుంది. పిడి తీసేసి రుద్దితే ముక్కతో పాటు బొటనవేలి చర్మం కూడా అంతే పలుచగా వస్తుందని ఆ రోజే తెలిసింది. చివర మిగిలిన మొదళ్లన్నీ మళ్లీ చాకుతోనే తరిగాను. గళ్ల బ్లేడు మీద దొండకాయ పక్కకు తిరిగి నలిగింది, గింజలు గళ్లలో ఇరుక్కుపోయాయి, వాటిని పాత టూత్ బ్రష్షుతో తీయడానికి ఆరు నిమిషాలు పట్టింది. తాడు చాపర్ విషయానికి వస్తే, అడుగున ముద్ద, పైన సగం కోసిన కాయలు, మధ్యలో వేపుడుకు పనికివచ్చే ముక్కలు ఓ గుప్పెడు. ఆ పూట మేము దొండకాయ పచ్చడి చేసుకున్నాము.

ఇంతకీ ఆ అమ్మకందారు అబద్ధమాడాడా అంటే, ఆడలేదనే చెప్పాలి. ఆయన చేతిలో క్యారెట్, కీరదోస, బంగాళాదుంప నిజంగానే క్షణాల్లో తెగాయి. ఏ కూరగాయ ఎంచుకోవాలో, ప్రదర్శన ఎక్కడ ఆపాలో ఆయనకు బాగా తెలుసు, అంతే. జిగురు సాగే బెండకాయనూ, పీచు ఉన్న గోరుచిక్కుడునూ, చేతులు దురద పెట్టే కందనూ ఆ బల్ల మీద నేను ఒక్కనాడూ చూడలేదు. గుత్తి వంకాయ కూరకు తొడిమ విడిపోకుండా కాయను నాలుగుగా చీల్చే పరికరాన్ని ఇంతవరకు ఎవరూ అమ్మజూపలేదు. టెంకతో సహా ఆవకాయ ముక్కలు కొట్టే ప్లాస్టిక్ డబ్బా వస్తే మొదట కొనేది నేనే!

ఈ విద్య పాతదే. అమెరికాలో శామ్యూల్ పోపీల్ తయారుచేసిన చాప్-ఓ-మేటిక్ అనే కూరగాయలు తరిగే పరికరాన్ని ఆయన కుమారుడు రాన్ పోపీల్ జనం ముందు కోసి చూపుతూ అమ్మేవాడు. రోజంతా ప్రదర్శించడానికి కావలసినన్ని కూరగాయలను మోసుకుపోవడం కష్టమవడంతో ఆ ప్రదర్శననే చిత్రీకరించి టీవీలో చూపించడం మొదలుపెట్టారు. 1963లో వచ్చిన వెజ్-ఓ-మేటిక్ అనే మరో తరిగే పరికరం అలాగే టీవీ ప్రకటనలతో పేరు తెచ్చుకుంది. మన దేశంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కానీ క్యారెట్‌ను క్యారెట్‌లాగే కోసి చూపినవాడిని ఏ చట్టం ఏమంటుంది?

ఉల్లిపాయ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "కళ్ల నీళ్లు రావు" అన్న మాట మూడు పెట్టెల మీదా ఉంది. ఉల్లి కణాలు చితికినప్పుడు లోపలి ఎంజైమ్ బయటపడి కంటిని మండించే వాయువు పుడుతుంది. బ్లేడు మొద్దుబారిన కొద్దీ కణాలు తెగడానికి బదులు నలుగుతాయి, ఆ వాయువు పెరుగుతుంది. తాడు చాపర్‌కు మూత ఉండడం వల్ల లాగుతున్నంతసేపు కంటికి హాయిగానే ఉంటుంది, మూత తీయగానే అప్పటివరకు అణగి ఉన్న ఘాటంతా ఒక్కసారిగా ముఖానికి కొడుతుంది. పైగా నలిగిన ఉల్లి నీరు వదులుతుంది కనుక బాణలిలో ఎర్రబడడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఆమ్లెట్‌కూ, పెరుగు పచ్చడికీ ఇబ్బంది లేదు. పకోడీకి మాత్రం పనికిరాదు. చాకు మొద్దుబారితే సాన పట్టించుకోవచ్చు, ఈ డబ్బాలోని వంపు రేకులను ఇంట్లో నేను పదును పెట్టలేకపోయాను.

గళ్ల పరికరం బిజాగిరీ నాలుగో నెలలో విరిగింది. దాని కింది డబ్బాలో ఇప్పుడు బొంబాయి రవ్వ పోసుకుంటున్నాము. స్లైసర్‌ను కాగితంలో చుట్టి పై అరలో పెట్టాను, అరటికాయ చిప్స్ వేయించే రోజున మాత్రం అది కిందికి దిగుతుంది. తాడు చాపర్ మాత్రం భోజనాల బల్ల మీదే ఉంటుంది. మా అత్తగారు కుర్చీలో కూర్చొని, రోజూ పొద్దున ఉప్మాలోకి రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు అందులో వేసి, పన్నెండుసార్లు లెక్కపెట్టి లాగుతారు. పదమూడోసారి లాగితే ముద్దవుతుందట.