మామ్మ అడ్డపొగ, ఎడారి పొగాకు

మా మామ్మ అడ్డపొగ కాల్చేది. భీమిలి పక్క పల్లె మనిషి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి తిప్పుకుని, అలాగే చేపల బేరం ఆడేసేది. కంపని నేను ముఖం తిప్పుకుంటే, "ఏటిరా, ఈ కంపుంటే పురుగూ పుట్రా దగ్గరికి రాదు" అనేది.

ఈ జనవరిలో మధురవాడలో మా మేడ మీది టమాటాలకు లద్దె పురుగు పట్టింది. నాలుగు రోజుల్లో ఆకులు జల్లెడ. మామ్మ వంకాయ మొక్కలకు చేసే వైద్యం గుర్తొచ్చి, చుట్ట పొగాకు కొనుక్కొచ్చి మరిగించి, వడగట్టి, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టాను. ఇల్లంతా మామ్మ వాసన. మా ఆవిడ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పేనుబంక పోయింది గానీ, లద్దె పురుగులు రాత్రి మళ్లీ దర్జాగా మేశాయి. తర్వాత తెలిసింది, దాని అసలు పేరే పొగాకు లద్దె పురుగని! పొగాకు చేలనే మేసే దానికి నేను పొగాకు కషాయం పోశాను.

ఆ ఉడుకుమోత్తనంతోనే చదువుతూ పోతే ఒక అడవి పొగాకు దొరికింది. నికోటియానా అటెన్యుయాటా. అమెరికా పడమటి ఎడారుల్లో, యూటా వైపు పెరుగుతుంది. విత్తనాలు ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉండి, కార్చిచ్చు వచ్చి పోయాక ఆ పొగలోని రసాయనాలు తగిలితే మొలుస్తాయట. పొగ తగిలితే గానీ లేవని పొగాకు! మామ్మ వింటే పొరబోయేంత నవ్వేది.

ఆకును పురుగు కొరకగానే వేళ్లకు కబురు వెళ్తుంది. నికోటిన్ తయారయ్యేది వేళ్లలోనే, అక్కణ్ణుంచి ఆకులకు ఎక్కుతుంది. దాన్ని మేసే మాండూకా అనే లద్దె పురుగు మాత్రం ఆ విషాన్ని లెక్కచేయదు. అందుకని మొక్క ఇంకో ఎత్తు వేస్తుంది. కొరికిన ఆకు ఒక వాసన వదిలితే, ఆ పురుగు గుడ్లను తినే, నల్లి జాతి చిన్న కీటకాలు వెతుక్కుంటూ వస్తాయి. నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. ఈ మొక్క పూలు రాత్రి విచ్చుకుంటాయి, పుప్పొడి మోసేది చిమ్మటలు. మాండూకా పురుగు పెరిగి రెక్కలొస్తే అయ్యేది ఆ చిమ్మటే, ఆకుల మీద గుడ్లు పెట్టేదీ అదే. పురుగుల బెడద ఎక్కువైతే కొన్ని పూలు తెల్లవారాక విచ్చుకోవడం మొదలుపెడతాయి, హమ్మింగ్‌బర్డ్ పిట్టల కోసం. 2010లో బయటపడిన సంగతి ఇది. చుట్టాన్ని గుమ్మంలోనే ఆపేసి, వేరే బేరగాణ్ణి పిలుచుకున్నట్టు.

పురుగూ తక్కువది కాదు. తిన్న నికోటిన్‌లో కొంత ఒంటి పక్కనున్న శ్వాసరంధ్రాల్లోంచి బయటికి ఊదుతుందని 2014లో తేల్చారు. ఆ ఘాటుకు సాలీడు దాన్ని వదిలేసి పోతుందట. అక్కడ చదవడం ఆపి కాసేపు అలా కూర్చున్నాను. అచ్చం మామ్మే.

కషాయం మానేశాను. రాత్రి తొమ్మిదికి టార్చి పట్టుకుని పురుగుల్ని చేత్తో ఏరుతున్నాను. నిన్న పదకొండు.