ఐసు లేని చీనీ రసం

మాది నార్పల దగ్గర పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. కాయలు అనంతపురం మార్కెట్ యార్డులో అమ్మి, తిరిగి వచ్చేటప్పుడు తోపుడుబండి దగ్గర చీనీ రసం తాగడం నా అలవాటు. సొంత తోట పెట్టుకుని డబ్బులిచ్చి రసం తాగడమేమిటని మా అవ్వ తిట్టేది. ఇంట్లో ఐసు దొరకదు కదా!

ఏప్రిల్ చివర్లో జ్వరం మొదలైంది. పొద్దున తగ్గినట్టే ఉండి, రోజురోజుకూ సాయంత్రానికి ఒక మెట్టు పైకెక్కేది. వడదెబ్బ అనుకుని మజ్జిగతో నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. అయిదో రోజు 103 డిగ్రీలు దాటింది. తల పగిలిపోయే నొప్పి, నాలుక మీద తెల్లటి పొర, అన్నం వాసనకే వికారం. అవ్వ నుదుటి మీద చెయ్యి పెట్టి, "సన్నిపాత జ్వరం రా ఇది" అంది. రక్తం కల్చర్ పరీక్ష మూడు రోజుల తర్వాత అదే చెప్పింది, టైఫాయిడ్ అని. అవ్వ ఫీజు తీసుకోలేదు, అంతే తేడా.

"రెండు మూడు వారాలుగా బయట ఏం తిన్నారు, ఏం తాగారు?" అని అడిగింది డాక్టరమ్మ. ఒక పెళ్లి భోజనం, మిగిలినవన్నీ రసాలే. "తొక్క తీస్తే పండు లోపల శుభ్రమే కదండీ" అన్నాను.

"పండు శుభ్రమే. కోసిన కత్తి, పట్టుకున్న చెయ్యి, గ్లాసు ముంచిన నీళ్లు? ఐసు ఏ నీళ్లతో చేశారో? పులుపుకు క్రిములన్నీ చచ్చిపోవు. గడ్డకట్టిన ఐసులో కూడా బతికే ఉంటాయి."

అప్పుడు కళ్లముందుకు వచ్చింది ఆ బండి. గోనెసంచిలో చుట్టిన ఐసు దిమ్మ, దానికి అంటుకున్న ఊక, కర్రతో కొట్టి చేత్తోనే గ్లాసులో వేయడం. మధ్యాహ్నానికి పులిసిన చారులా మారే బకెట్ నీళ్లలో ఎంగిలి గ్లాసులు మునిగి తేలేవి. తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని 2018 నుంచి నిబంధన ఉంది. నాకెప్పుడూ తెల్ల దిమ్మలే కనిపించాయి. అయినా నా జబ్బు ఆ బండి నుంచే వచ్చిందని ఒట్టేసి చెప్పలేను. పెళ్లి భోజనమూ ఉంది.

పది రోజులు ఇంజెక్షన్లు. అయిదో రోజుకు జ్వరం దిగింది. లంఖణం చేయమని అవ్వ, మెత్తటి అన్నం తినమని డాక్టరమ్మ. నేను ఆకలి పక్షం. జ్వరం తగ్గినా కొన్నాళ్లు మలంలో క్రిములు పోతూనే ఉంటాయి, వంటపనికి దూరంగా ఉండాలన్నారు. ఈ ఒక్క పత్యం మాత్రం ఎంతో ఇష్టంగా పాటించాను. ఆరు కిలోలు తగ్గాను. రెండు నెలలకు జుట్టు దువ్వెన నిండా రాలింది, తర్వాత మళ్లీ వచ్చింది.

ఆగస్టులో మళ్లీ అదే బండి దగ్గర ఆగాను. ఐసు వద్దన్నాను. సంచిలోంచి ఇంటి స్టీలు గ్లాసు తీసి ఇచ్చాను. అతను గ్లాసును, నన్ను మార్చి మార్చి చూశాడు.

"కత్తి కూడా తెచ్చుకోవలసింది అన్నా!"